సొంత ఈమెయిల్ సర్వర్: పెట్టడం ఒక వీకెండ్ పని, నమ్మించడం నెలల పని

సొంతంగా ఈమెయిల్ సర్వర్ పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. లైనక్స్ టెర్మినల్ అంటే భయం లేకపోతే శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం సాయంత్రానికి మీ పేరు మీదే ఒక మెయిల్ అడ్రస్ నడుస్తుంది. ఏడాదికి పైగా నేను నడుపుతున్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా.

కాకపోతే యూట్యూబ్ వీడియోలు "సెటప్ అయిపోయింది, ఎంజాయ్" అని ఆపేసే దగ్గరే అసలు కథ మొదలవుతుంది. మెయిల్స్ అందుకోవడం చాలా తేలిక. మీరు పంపిన మెయిల్‌ని అవతలి సర్వర్ నమ్మి ఇన్‌బాక్స్‌లో పెట్టడమే కష్టం. ఈ ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే కింద చెప్పే ప్రతి స్టెప్ ఎందుకో అర్థమవుతుంది.

అసలు ఎందుకీ తలనొప్పి?

మా బీటెక్ అయిపోయిన కొన్ని నెలలకే కాలేజీ వాళ్లు మా బ్యాచ్ మెయిల్ ఐడీలన్నీ తీసేశారు. గిట్‌హబ్ అకౌంట్లు, ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు ఆ ఐడీ మీదే పెట్టుకున్నవాళ్లు మా క్లాస్‌లో చాలామంది. పాస్‌వర్డ్ రీసెట్ లింక్ వెళ్తుంది, కానీ దాన్ని చూడ్డానికి ఇన్‌బాక్సే లేదు.

మెయిల్ అడ్రస్ అంటే ఇవాళ ఉత్తరాల డబ్బా మాత్రమే కాదు. మిగతా అన్ని అకౌంట్లకీ అది మాస్టర్ తాళంచెవి. '@' గుర్తు తర్వాత ఉన్న పేరు ఎవరిదో, ఆ తాళంచెవి వాళ్లది. ఆ పేరు మీది అయితే రేపు సర్వర్ మార్చినా, కంపెనీ మార్చినా అడ్రస్ మాత్రం మారదు. సొంత సర్వర్‌తో వచ్చే అసలు లాభం ఇదే.

ప్రైవసీ కోసమే అయితే కొంచెం నిదానించండి. మీరు మెయిల్ పంపే వాళ్లలో ఎక్కువమంది జీమెయిల్ వాడతారు. అంటే ఆ మెయిల్ కాపీ ఎలాగూ గూగుల్ దగ్గర ఉంటుంది. పైగా మామూలు మెయిల్‌కి ఎన్‌క్రిప్షన్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి వెళ్లే దారిలోనే ఉంటుంది, చివరిదాకా కాదు.

మెయిల్ ఎలా వెళ్తుంది?

మీరు 'సెండ్' నొక్కగానే ఫోన్‌లోని యాప్ ఆ మెయిల్‌ని మీ సర్వర్‌కి ఇస్తుంది. మీ సర్వర్ అవతలి డొమైన్ పేరు చూసి, "ఈ డొమైన్‌కి మెయిల్స్ ఎవరు తీసుకుంటారు?" అని డీఎన్‌ఎస్‌ని అడుగుతుంది. జవాబుగా వచ్చేదే ఎంఎక్స్ రికార్డ్. ఆ సర్వర్‌కి పోర్ట్ 25 మీద కనెక్ట్ అయ్యి మెయిల్ అప్పగిస్తుంది. ఈ మాటలు జరిగే భాష పేరు ఎస్‌ఎంటీపీ. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ప్రమాణం అది. అప్పట్లో నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు చాలా తక్కువ మంది, అందరికీ అందరూ కాస్తో కూస్తో తెలిసినవాళ్లే. అందుకే "ఈ మెయిల్ నిజంగా ఫలానా వాళ్లే పంపారా?" అని చెక్ చేసే ఏర్పాటు అందులో లేదు. ఆ లోటు పూడ్చడానికి తర్వాత ఒక్కొక్కటిగా అతికించినవే మనం ఇప్పుడు పెట్టబోయే రికార్డులు.

ఇక్కడ చాలామంది తికమక పడే విషయం పోర్టులు. 25 అనేది సర్వర్‌కీ సర్వర్‌కీ మధ్య. 465, 587 అనేవి మీ యాప్ నుంచి మీ సర్వర్‌కి మెయిల్ ఇవ్వడానికి. 993 అనేది వచ్చిన మెయిల్స్ ఐమ్యాప్ ద్వారా ఫోన్‌లో చదవడానికి. "పోర్ట్ 25 బ్లాక్ అయితే 587 వాడదాం" అని కొందరు సలహా ఇస్తారు. సర్వర్‌కీ సర్వర్‌కీ మధ్య అది కుదరదు.

సర్వర్ లోపల రెండు ముఖ్యమైన ప్రోగ్రాములు ఉంటాయి. పోస్ట్‌ఫిక్స్ మెయిల్స్ పంపుతుంది, అందుకుంటుంది. ఐబీఎంలో పనిచేస్తూ వీట్సే వెనెమా రాసిన ప్రోగ్రామ్ ఇది, 1998లో బయటికి వచ్చింది. డవ్‌కాట్ ఆ మెయిల్స్‌ని దాచి మీ ఫోన్‌కి చూపిస్తుంది. ఊళ్లో పోస్టాఫీసులా ఒకరు బ్యాగులు పంపి తెప్పిస్తే, ఇంకొకరు కౌంటర్‌లో కూర్చుని ఎవరి ఉత్తరం వాళ్లకి ఇస్తారన్నమాట.

కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు

కావాల్సినవి రెండే: ఒక డొమైన్, ఒక వీపీఎస్. డాట్ ఇన్ డొమైన్ ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ. చిన్న వీపీఎస్ నెలకు ఐదారు వందల నుంచి దొరుకుతుంది. మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి మురిసిపోకండి, రెన్యువల్ ధర చూడండి.

ఇంట్లో ఖాళీగా ఉన్న పాత ల్యాప్‌టాప్ పనికిరాదా అంటే, మెయిల్స్ పంపడానికి పనికిరాదు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కి ఐపీ మారుతూ ఉంటుంది, చాలా చోట్ల వందల ఇళ్లకి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఉంటుంది. పైగా స్పామ్‌హౌస్ లాంటి సంస్థలు "ఇవి ఇళ్ల కనెక్షన్లు, వీటి నుంచి నేరుగా మెయిల్ రాకూడదు" అని ఒక లిస్టే నడుపుతాయి. అందులో ఉన్న ఐపీ నుంచి మెయిల్ వస్తే చాలా సర్వర్లు గుమ్మం దగ్గరే తిప్పి పంపేస్తాయి. కరెంటు పోవడం సంగతి తర్వాత.

వీపీఎస్ డబ్బులు కట్టే ముందు ఆ కంపెనీ సపోర్ట్ వాళ్లని ఈ నాలుగు అడగండి:

1. పోర్ట్ 25 నుంచి బయటికి మెయిల్ వెళ్తుందా? ఏడబ్ల్యూఎస్, గూగుల్ క్లౌడ్, డిజిటల్ ఓషన్ దీన్ని మామూలుగా మూసే ఉంచుతాయి. కొన్ని కంపెనీలు అడిగితే తెరుస్తాయి, కొన్ని అస్సలు తెరవవు.

2. రివర్స్ డీఎన్‌ఎస్ నేను పెట్టుకోవచ్చా? దీన్నే పీటీఆర్ రికార్డ్ అంటారు. ఇది డొమైన్ కొన్న చోట కాదు, ఐపీ ఇచ్చిన కంపెనీ దగ్గర పెట్టాలి.

3. నాకిచ్చే ఐపీ బ్లాక్‌లిస్టుల్లో ఉందా? ఐపీ రాగానే స్పామ్‌హౌస్ సైట్‌లో వేసి చూసుకోండి. ఉంటే వెంటనే మార్చమని అడగండి. ముందు అద్దెకున్నవాడు ఊరంతా అప్పులు చేసి వెళ్లిపోతే అప్పులవాళ్లు వచ్చి మీ తలుపే కదా కొట్టేది! ఇదీ అంతే.

4. ర్యామ్ ఎంత? మెయిల్-ఇన్-ఎ-బాక్స్ అనే ప్యాకేజీకి 1 జీబీ ర్యామ్ సరిపోతుంది. మెయిల్‌కౌకి 6 జీబీ దాకా కావాలి.

ఇన్‌స్టాల్ చేద్దాం

పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్, స్పామ్ ఫిల్టర్ విడివిడిగా పెట్టి ప్రతి కాన్ఫిగ్ ఫైల్ చేత్తో రాయడం నేర్చుకోవడానికి మంచిదే. మొదటిసారికి మాత్రం వద్దు. ఒక్క లైన్ తేడా వస్తే సర్వర్ 'ఓపెన్ రిలే' అవుతుంది, అంటే దారినపోయే ఎవరైనా మీ సర్వర్ నుంచి స్పామ్ పంపుకోవచ్చు. అలాంటివి వెతికే బాట్లు ఇంటర్నెట్ అంతా తిరుగుతూనే ఉంటాయి.

అందుకే కొత్తవాళ్లకి నా సలహా మెయిల్-ఇన్-ఎ-బాక్స్. కొత్తగా వేసిన ఉబుంటు మీదే, ఇంకేమీ లేని మెషిన్ మీదే పెట్టాలి. 60వ వెర్షన్ నుంచి అది ఉబుంటు 22.04 అడుగుతోంది. పెట్టేముందు వాళ్ల గైడ్‌లో ఏ వెర్షన్ ఉందో చూసుకోండి. అదే మెషిన్‌లో మీ వెబ్‌సైట్ ప్రాజెక్టులు కూడా నడుపుదామనుకోకండి, గొడవ పడతాయి.

సర్వర్‌కి ముందుగా ఒక పూర్తి పేరు పెట్టండి. మీ డొమైన్ 'మీపేరు.ఇన్' అయితే సర్వర్ పేరు 'బాక్స్.మీపేరు.ఇన్'. తర్వాత సైట్‌లో ఉన్న ఒక్క కమాండ్ కాపీ చేసి రన్ చేస్తే అది రెండు మూడు ప్రశ్నలు అడిగి మిగతాదంతా తనే పెట్టేస్తుంది. వెబ్‌లో మెయిల్ చూసుకోవడానికి రౌండ్‌క్యూబ్, స్పామ్ ఫిల్టర్, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ అన్నీ వస్తాయి. అడ్మిన్ ప్యానెల్‌లో 'స్టేటస్ చెక్స్' అనే పేజీ ఉంటుంది. ఏది సరిగ్గా ఉందో పచ్చగా, ఏది లేదో ఎర్రగా చూపిస్తుంది. ఎర్రవన్నీ పచ్చబడేదాకా ముందుకెళ్లొద్దు.

ఐదు రికార్డులు, ఒక వాచ్‌మ్యాన్

ఇప్పుడు నమ్మకం సంగతి. హైదరాబాద్‌లో ఏదైనా గేటెడ్ కమ్యూనిటీకి వెళ్లండి. గేట్ దగ్గర వాచ్‌మ్యాన్ ఊరికే వదలడు. ఎవరు పంపారు, ఎక్కడినుంచి వచ్చారు, బండి నంబర్ రాసిన దానితో సరిపోతుందా అని చూస్తాడు. జీమెయిల్ సర్వర్ మీ మెయిల్‌ని చూసేదీ అలాగే.

ఎంఎక్స్: ఈ డొమైన్‌కి వచ్చే మెయిల్స్ ఏ సర్వర్‌కి ఇవ్వాలో చెప్తుంది. ఇది లేకపోతే మీకు మెయిల్స్ సరిగ్గా చేరవు. మిగతా నాలుగూ మీరు పంపే మెయిల్స్ కోసం.

పీటీఆర్: ఐపీ నుంచి పేరుకి వెనక్కి చూపించే రికార్డ్. సర్వర్ పేరు ఒక ఐపీని చూపిస్తే, ఆ ఐపీ మళ్లీ అదే పేరుని చూపించాలి. బండి నంబర్, ఆర్‌సీ రెండూ మ్యాచ్ అవ్వాలి కదా, అలాగన్నమాట.

ఎస్‌పీఎఫ్: "నా డొమైన్ పేరు మీద మెయిల్ పంపే హక్కు ఈ ఐపీలకే ఉంది" అని మీరు బయట పెట్టే లిస్ట్. ఒక డొమైన్‌కి ఒక్క ఎస్‌పీఎఫ్ రికార్డే ఉండాలి. రెండు పెడితే రెండూ చెల్లవు.

డీకిమ్: పాతకాలంలో కవర్ మీద వేసే లక్క ముద్ర. మీ సర్వర్ తన ప్రైవేట్ కీతో ప్రతి మెయిల్‌కి సంతకం చేస్తుంది. పబ్లిక్ కీ డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. సంతకం సరిపోతే మెయిల్ మీ డొమైన్ నుంచే వచ్చిందని, దారిలో ఎవరూ మార్చలేదని అవతలివాళ్లకి తెలుస్తుంది.

డీమార్క్: చెకింగ్‌లో ఫెయిల్ అయితే ఏం చెయ్యాలో చెప్పేది. వదిలెయ్యాలా, స్పామ్‌లో వెయ్యాలా, తిప్పి పంపాలా అని మూడు స్థాయిలు. 'ఫ్రమ్' దగ్గర కనిపించే డొమైన్, ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్‌లో పాసైన డొమైన్ ఒకటేనా అని కూడా ఇదే చూస్తుంది.

ఇవి ఇష్టముంటే పెట్టుకునేవి కావు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రూల్స్ గట్టి చేశాయి. జీమెయిల్‌కి మెయిల్ పంపే ఎవరికైనా ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్, సరైన పీటీఆర్, టీఎల్‌ఎస్ ఉండాల్సిందే. రోజుకి 5000 మెయిల్స్ దాటి పంపేవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి. 2025 మే నుంచి మైక్రోసాఫ్ట్ కూడా అవుట్‌లుక్‌కి పెద్ద మొత్తంలో పంపేవాళ్ల కోసం ఇలాంటి రూలే తెచ్చింది. మీరు రోజుకి నాలుగు మెయిల్స్ పంపినా సరే, అన్నీ పెట్టండి. కాపీ పేస్ట్ పనే కదా.

పెట్టాక టెస్ట్ ఇలా చెయ్యండి. మీ కొత్త అడ్రస్ నుంచి మీ జీమెయిల్‌కి ఒక మెయిల్ కొట్టండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్‌కి పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' చూడండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కన 'పాస్' అని ఉండాలి. తర్వాత మెయిల్-టెస్టర్ సైట్ ఇచ్చే అడ్రస్‌కి ఒక మెయిల్ పంపితే 10కి ఎన్ని మార్కులో, ఎక్కడ తగ్గాయో చెప్తుంది.

10కి 10 వచ్చినా స్పామ్‌లోనే పడుతుందేంటి?

ఎందుకంటే రికార్డులు మీరెవరో చెప్తాయి, మీరు మంచివాళ్లని చెప్పవు. కాలనీలోకి కొత్తగా అద్దెకి దిగిన కుర్రాడి ఆధార్ కార్డు కరెక్టే. అయినా కిరాణా కొట్టు ఆయన మొదటి రోజే ఖాతా రాస్తాడా? కొన్నాళ్లు చూస్తాడు. ఐపీకి, డొమైన్‌కి కూడా అలాగే ఒక పేరు రావాలి. నెమ్మదిగా, నిజం మనుషులకి మెయిల్స్ రాయండి. ఫ్రెండ్స్‌ని రిప్లై ఇవ్వమనండి. స్పామ్‌లో పడితే 'నాట్ స్పామ్' నొక్కమనండి. నా సర్వర్ నుంచి జీమెయిల్‌కి మెయిల్స్ నిలకడగా ఇన్‌బాక్స్‌లో పడటానికి దాదాపు రెండు నెలలు పట్టింది.

ఇందులో అసలు ప్రమాదం ఏంటంటే, మెయిల్ స్పామ్‌లో పడితే మీకు కబురు రాదు. తిప్పి పంపితే బౌన్స్ వస్తుంది, ఏదో అయిందని తెలుస్తుంది. స్పామ్‌లో పడితే మీ వైపు 'సెంట్' అనే కనిపిస్తుంది. ఇంటర్వ్యూకి వస్తానని మీరు రాసిన రిప్లై హెచ్‌ఆర్ స్పామ్ ఫోల్డర్‌లో కూర్చుంటే, వాళ్లు మీకు ఇంట్రెస్ట్ లేదనుకుంటారు, మీరు వాళ్లు పట్టించుకోలేదనుకుంటారు. అందుకే మొదటి ఆరు నెలలు రెజ్యూమె మీద ఈ అడ్రస్ పెట్టకండి.

ఎంత చేసినా ఐపీకి పేరు రాకపోతే మధ్యే మార్గం ఒకటుంది. అందుకునేది మీ సర్వర్, పంపేటప్పుడు మాత్రం అమెజాన్ ఎస్‌ఈఎస్ లాంటి రిలే సర్వీస్ ద్వారా పంపడం. వాళ్ల ఐపీలకి ఇప్పటికే పేరుంది. మెయిల్‌కౌలో దీనికి సెట్టింగ్ ఉంది. రిలే వాడితే ఎస్‌పీఎఫ్, డీకిమ్ వాళ్లు చెప్పినట్టు మార్చుకోవాలి.

రోజూవారీ కాపలా

సర్వర్ పెట్టిన గంటలోపే లాగ్ చూడండి. ముక్కూ మొహం తెలియని ఐపీలు పాస్‌వర్డ్ ట్రై చేస్తూ కనిపిస్తాయి. భయపడక్కర్లేదు, ఇంటర్నెట్‌లో అది మామూలే. పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టండి, ఎస్‌ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డ్ తీసేసి కీ మాత్రమే ఉంచండి, సెక్యూరిటీ అప్‌డేట్స్ ఆపకండి. ఒక్క అకౌంట్ పాస్‌వర్డ్ దొరికినా మీ సర్వర్ నుంచి రాత్రికి రాత్రే వేల స్పామ్ మెయిల్స్ వెళ్లిపోతాయి. నెలల తరబడి తెచ్చుకున్న పేరు తెల్లారేసరికి పోతుంది.

బ్యాకప్ వేరే కంపెనీ దగ్గర ఉండాలి. నెలకోసారి ఆ బ్యాకప్ నుంచి ఒక మెయిల్ వెనక్కి తెచ్చి చూడండి. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ఒక మంచి వార్త: సర్వర్ ఒక రాత్రి పడిపోయినా మెయిల్స్ సాధారణంగా పోవు. పంపిన సర్వర్ క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ట్రై చేస్తుంది. పోస్ట్‌ఫిక్స్ అయితే డిఫాల్ట్‌గా 5 రోజులు ప్రయత్నిస్తుంది. కాకపోతే పది నిమిషాల్లో ఎక్స్‌పైర్ అయ్యే ఓటీపీకి ఈ సౌకర్యం వల్ల లాభం లేదు.

అన్నిటికంటే ముఖ్యం: డొమైన్ రెన్యువల్

సర్వర్ కాలిపోయినా కొత్తది పెట్టుకోవచ్చు. డొమైన్ పోతే మాత్రం కథ వేరు. రెన్యువల్ మర్చిపోయి గడువు దాటిపోతే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాడు ఎంఎక్స్ రికార్డ్ తన సర్వర్‌కి తిప్పుకుంటే ఆ రోజు నుంచి మీకొచ్చే ప్రతి మెయిల్ అతనికే. ప్రతి యాప్‌లో 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' నొక్కితే చాలు. హ్యాకింగ్ కూడా అక్కర్లేదు.

కాబట్టి మూడు పనులు చెయ్యండి. ఆటో రెన్యువల్ ఆన్ చెయ్యండి, కానీ దాన్నే నమ్ముకోకుండా క్యాలెండర్‌లో కూడా పెట్టుకోండి. మన దగ్గర కార్డు మారితే ఆటో పేమెంట్ ఆగిపోవడం కొత్త కాదు. వీలైతే కొన్నేళ్లకి ఒకేసారి కట్టెయ్యండి. మూడోది చాలామందికి తట్టదు: డొమైన్ కొన్న అకౌంట్‌కీ, వీపీఎస్ అకౌంట్‌కీ లాగిన్ మెయిల్‌గా ఇదే కొత్త అడ్రస్ ఇవ్వకండి. సర్వర్ పడిపోయిన రోజు దాన్ని లేపడానికి వెళ్లాల్సిన అకౌంట్ ఓటీపీ ఆ పడిపోయిన సర్వర్‌కే వస్తుంది. తాళంచెవి ఇంట్లో పెట్టి బయటినుంచి తాళం వేసుకున్నట్టు ఉంటుంది.

మరి ఎవరు పెట్టుకోవాలి?

నేర్చుకోవాలని ఉన్నవాళ్లు తప్పకుండా పెట్టుకోండి. డీఎన్‌ఎస్, టీఎల్‌ఎస్, లైనక్స్, లాగ్స్ అన్నీ ఒకే ప్రాజెక్టులో వస్తాయి. ఉద్యోగంలో ప్రొడక్షన్ సర్వర్ లాగ్ చూసినప్పుడు నాకు కంగారు తగ్గింది దీనివల్లే.

అడ్రస్ మీ చేతిలో ఉంటే చాలు, రాత్రి సర్వర్ పడిపోతే లేచి చూసే ఓపిక లేదు అంటారా? అయితే డొమైన్ మాత్రం కొనుక్కుని మెయిల్ నడిపే పని జోహో మెయిల్, ఫాస్ట్‌మెయిల్, ప్రోటాన్ లాంటి వాళ్లకి అప్పగించండి. రేపు వాళ్లు నచ్చకపోతే పాత మెయిల్స్ కాపీ చేసుకుని ఎంఎక్స్, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు మార్చుకుంటే సరిపోతుంది, అడ్రస్ అదే ఉంటుంది. సొంత సర్వర్ లాభంలో చాలా భాగం సర్వర్ లేకుండానే దక్కుతుంది.

సర్వరే కావాలనుకునేవాళ్లు అకౌంట్లు మార్చే వరుస ఇలా పెట్టుకోండి. మొదటి రెండు నెలలు న్యూస్‌లెటర్లు, యాప్ ట్రయల్స్. తర్వాత షాపింగ్, టికెట్ బుకింగ్. ఆరు నెలలు ఒక్క మెయిల్ కూడా పోకుండా నడిచాక గిట్‌హబ్, రెజ్యూమె. బ్యాంకు, డీమ్యాట్ మాత్రం అన్నిటికంటే చివర. ఈ వీకెండ్ డొమైన్ కొనేవాళ్లు పేరు ఒక్కటి బాగా ఆలోచించి పెట్టండి. ఇవాళ ఫన్నీగా అనిపించే పేరే పదేళ్ల తర్వాత బ్యాంకు మేనేజర్‌కి స్పెల్లింగ్‌తో సహా చెప్పాల్సి రావచ్చు.